ల్యాబ్ రిపోర్టు మీద నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఊళ్ళల్లో, క్రియాటినిన్ అంటే కిడ్నీలు రక్తంలోంచి వడగట్టాల్సిన వ్యర్థమని ఎవరికీ వివరించక్కర్లేదు. మిగతా చోట్ల బీపీ, షుగరు గురించి అడిగినట్టు ఉద్దానంలో "క్రియాటిన్ ఎంతొచ్చింది?" అని అడుగుతారు. కిడ్నీ జబ్బు అంతగా ఇళ్ళల్లోకి వచ్చేసింది. దానికి అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. ఆ ఇళ్ళల్లో ప్లాస్టిక్ కవర్లో జాగ్రత్తగా దాచుకున్న రిపోర్టులు తీస్తే ఒకటి కాశీబుగ్గది, ఒకటి బరంపురంది, ఇంకోటి విశాఖది ఉంటుంది. పట్టుమని పదిహేను రోజుల తేడా లేని మూడు రిపోర్టుల్లో మూడు అంకెలు. "ఏటి బాబూ, మూడు కాయితాల్లో మూడు రకాలుగా ఉంది. ఏది నమ్మమంటారు?" అని అడుగుతారు. చాలా న్యాయమైన ప్రశ్న. జవాబు మాత్రం ఒక్క ముక్కలో చెప్పేది కాదు.

మెడికల్ ల్యాబ్‌ల నాణ్యతను బయటి నుంచి వెళ్ళి పరిశీలించే అసెసర్లలో నేనొకణ్ణి, నాది బయోకెమిస్ట్రీ విభాగం. ఈ పనంటే ఎవరో ఆఫీసరు వచ్చి లైసెన్సు చూసి, తప్పులు పట్టి, ఫైన్ వేసి వెళ్ళిపోవడం అని చాలామంది అనుకుంటారు. అందులో ఏదీ మా పని కాదు. ఒక రిపోర్టు సరైనదో కాదో తేల్చి చెప్పే అధికారం కూడా మాకు లేదు. మరి ఎందుకు వెళ్తామో అర్థం కావాలంటే ముందు ఆ మూడు అంకెల సంగతి చూడాలి.

45 ఏళ్ళ ఒక స్త్రీకి క్రియాటినిన్ 1.0 వచ్చిందనుకుందాం. 2021లో సవరించిన సీకేడీ-ఎపి ఫార్ములా ప్రకారం ఆమె కిడ్నీల వడపోత సామర్థ్యం, అంటే ఈజీఎఫ్ఆర్, దాదాపు 71. అదే మనిషికి 1.2 వస్తే సుమారు 57. ఈ విలువ 60కి దిగువన మూడు నెలలకు పైగా ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుగా లెక్కిస్తారు. అంటే 0.2 తేడా ఒక మనిషిని ఆరోగ్యవంతుల వరసలోంచి తీసి రోగుల వరసలో నిలబెట్టగలదు. ఇంట్లో భయం, మందులు, వైద్యం కోసం తిరుగుడు, కూతురి పెళ్ళి వాయిదా, అన్నీ ఆ 0.2 చుట్టూ తిరుగుతాయి.

ఆ 0.2 మూడు చోట్ల నుంచి రావచ్చు. మొదటిది ఒంట్లోంచే. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా క్రియాటినిన్ రోజుకీ రోజుకీ ఐదు శాతం వరకూ అటూ ఇటూ అవుతుంది. ముందురోజు రాత్రి మాంసం గట్టిగా తిన్నా, ఎండలో ఒళ్ళు అలిసేలా పనిచేసినా పెరుగుతుంది. రెండోది పద్ధతి. మన చిన్న ల్యాబ్‌లలో ఎక్కువగా వాడేది జాఫే పద్ధతి. 1886లో మాక్స్ జాఫే కనిపెట్టిన రసాయన చర్య మీదే అది ఇప్పటికీ నడుస్తోంది. క్షార ద్రావణంలో పిక్రిక్ ఆమ్లం క్రియాటినిన్‌తో కలిసి నారింజ రంగుకి తిరుగుతుంది, ఆ రంగు ఎంత చిక్కగా ఉందో మెషిన్ కొలుస్తుంది. చిక్కేమిటంటే రక్తంలోని ప్రొటీన్లు, గ్లూకోజు, కీటోన్లు కూడా పిక్రిక్ ఆమ్లంతో కొంత రంగు తెప్పిస్తాయి. ఆ అదనపు రంగుని లెక్కలోంచి తీసేయకపోతే ఫలితం 0.2, ఒక్కోసారి 0.3 దాకా ఎక్కువ చూపిస్తుంది. కామెర్లు ఉన్నవాళ్ళలో దీనికి ఉల్టా, అంకె తగ్గుతుంది. ఎంజైమ్ పద్ధతిలో ఈ గొడవ చాలా తక్కువ, కానీ రీజెంట్ (పరీక్షలో కలిపే రసాయనం) ఖర్చు బాగా ఎక్కువ. బరంపురం ల్యాబ్ ఎంజైమ్ పద్ధతి, కాశీబుగ్గ ల్యాబ్ జాఫే పద్ధతి వాడితే ఇద్దరూ ఏ తప్పూ చేయకుండానే అంకెలు వేరుగా రావచ్చు. మూడోదే అసలైన పొరపాటు: కాలిబ్రేషన్ (తెలిసిన విలువతో మెషిన్ కొలతని సరిచేసి పెట్టడం) జారిపోవడం, రీజెంట్ పాడవడం, పిపెట్ తక్కువ పీల్చడం, శాంపిల్ తారుమారు కావడం.

పేషెంట్‌కి ఈ మూడూ విడివిడిగా కనిపించవు. కాగితం మీద 1.2 అని మాత్రమే ఉంటుంది. వీటిని విడదీసి చూడగలిగేది ల్యాబ్ ఒక్కటే, అదీ తన పనిని తాను కొలుచుకునే అలవాటు ఉంటేనే. ఆ అలవాటు ఉందా లేదా అన్నది చూడటమే అసెసర్ పని.

ల్యాబ్ తనని తాను కొలుచుకునే మొదటి దారి రోజువారీ కంట్రోల్. పొద్దున పేషెంట్ల శాంపిళ్ళు మెషిన్‌లో పెట్టే ముందే, విలువ తెలిసిన సీరం (కణాలు తీసేసిన రక్తపు ద్రవం) ఒకటి నడుపుతారు. సాధారణంగా రెండు స్థాయిలు, ఒకటి మామూలు విలువలది, ఇంకోటి ఎక్కువ విలువలది. వచ్చిన అంకెని లెవీ-జెనింగ్స్ చార్టు మీద చుక్కగా పెడతారు. మధ్యలో సగటు గీత, దానికి పైనా కిందా ఒకటి, రెండు, మూడు ఎస్‌డీల గీతలు. ఎస్‌డీ అంటే అంకెలు మామూలుగా సగటుకి అటూ ఇటూ ఎంత చెదురుతాయో చెప్పే కొలత. లెవీ, జెనింగ్స్ ఈ చార్టుని 1950లో ల్యాబ్‌లలోకి తెచ్చారు. ఆ చుక్కల్ని ఎలా చదవాలో జేమ్స్ వెస్ట్‌గార్డ్ 1981లో నియమాలుగా కూర్చారు. ఒక చుక్క మూడు ఎస్‌డీలు దాటితే ఆపాలి. వరసగా రెండు చుక్కలు ఒకే వైపు రెండు ఎస్‌డీలు దాటినా ఆపాలి. పది చుక్కలు వరసగా సగటుకి ఒకే పక్కన పడితే మెషిన్ మెల్లగా జరుగుతోందని గుర్తు.

ల్యాబ్‌కి వెళ్ళగానే నేను ముందు అడిగేది ఈ చార్టే. అందులో నాకు ఎక్కువ అనుమానం తెప్పించేది చుక్కలన్నీ బుద్ధిగా మధ్య గీత మీదే కూర్చున్న చార్టు. లెక్క ప్రకారం, అంతా సవ్యంగా ఉన్నప్పుడు కూడా వంద చుక్కల్లో నాలుగైదు రెండు ఎస్‌డీల బయట పడాలి. రోజుకి రెండు స్థాయిలు, నెలకి అరవై చుక్కలు. అంటే నెలకి రెండు మూడు చుక్కలు బయట ఉండటమే సహజం. ఆరు నెలల చార్టులో ఒక్కటీ బయటికి రాలేదంటే రెండింట్లో ఒకటి జరిగి ఉంటుంది. ల్యాబ్ తన సొంత ఎస్‌డీ లెక్క కట్టుకోకుండా కంట్రోల్ డబ్బాతో వచ్చిన కాగితం మీది విశాలమైన హద్దుల్ని అలాగే వాడుతుండాలి, లేదా బయట పడ్డ చుక్కని చెరిపేసి సరిగ్గా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ నడిపి ఉండాలి. రెండో అనుమానం ఉంటే మెషిన్ మెమరీ తెరిచి చూపించమంటాను. కాగితం మీద ఒక్కసారి నడిపినట్టు ఉన్నది మెమరీలో నాలుగుసార్లు ఉంటే ఇక మాట్లాడాల్సింది చాలా ఉంటుంది.

ఇలా చేసే టెక్నీషియన్లు మోసగాళ్ళని నేను అనుకోను. కంట్రోల్ బయటికి పోతే పొద్దున పని ఆగుతుంది, బయట పేషెంట్లు అరుస్తారు, పైనుంచి "ఇంకా రిపోర్టులు రాలేదేం?" అని ఫోన్ వస్తుంది. ఆ టెన్షన్‌లో ఇంకోసారి నడిపి చూద్దాం అనిపించడం మామూలే. తప్పు దొరికితే తిట్లు పడే చోట తప్పు కనిపించకుండా పోతుంది. అందుకే బయట పడ్డ చుక్క పక్కన "రీజెంట్ మార్చాను, మళ్ళీ కాలిబ్రేట్ చేశాను, అప్పుడు సరిపోయింది" అని చేతిరాతతో రాసి, సంతకం, టైము వేసి ఉన్న చార్టు చూస్తే నాకు ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది.

రోజువారీ కంట్రోల్‌కి ఒక లోపం ఉంది. ల్యాబ్ తనతో తానే పోల్చుకుంటుంది. నిన్న ఎంత తప్పు చూపించిందో ఈరోజూ అంతే తప్పు చూపిస్తే చార్టు చక్కగానే ఉంటుంది. ఈ లోటు తీర్చడానికే బయటి నాణ్యతా పరీక్ష, వాడుకలో ఈక్వా. 1947లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో బెల్క్, సండర్‌మన్ అనే ఇద్దరు వైద్యులు ఒకే ద్రావణాల్ని అనేక ఆసుపత్రి ల్యాబ్‌లకి పంపి ఫలితాలు తెప్పించుకున్నారు. సంతృప్తికరమైన జవాబుల కంటే పనికిరానివే ఎక్కువ వచ్చాయి. ఈక్వా ఆలోచనకి మొదలు అదే. మన దేశంలో బయోకెమిస్ట్రీకి వెల్లూరు సీఎంసీ, రక్త కణాల పరీక్షలకి ఢిల్లీ ఎయిమ్స్ ఇలాంటి కార్యక్రమాలు నడుపుతున్నాయి. పొడిగా ఎండబెట్టిన సీరం చిన్న వయల్‌లో వస్తుంది. లోపలి విలువ ఎంతో ల్యాబ్‌కి తెలియదు. చెప్పినంత డిస్టిల్డ్ వాటర్ కలిపి, పేషెంట్ శాంపిల్‌ని చేసినట్టే చేసి, గడువులోగా ఫలితం పంపాలి. అదే వయల్ అందుకున్న ల్యాబ్‌లన్నిటి ఫలితాల్నీ పద్ధతి వారీగా, మెషిన్ వారీగా గుంపులు చేసి, గుంపు సగటుకి మనం ఎంత దూరంలో ఉన్నామో చెబుతారు. క్రియాటినిన్ గుంపు సగటు 2.0, ఎస్‌డీ 0.1 అనుకుంటే, 2.35 పంపిన ల్యాబ్ మూడున్నర ఎస్‌డీల దూరంలో ఉన్నట్టు. రెండు లోపు ఉంటే ఫరవాలేదు, రెండు నుంచి మూడు మధ్య ఉంటే జాగ్రత్త పడాలి, మూడు దాటితే ఫెయిల్.

ఇక్కడ పేషెంట్లకీ, చాలామంది డాక్టర్లకీ తెలియని మెలిక ఒకటి ఉంది. పొడి చేసి మళ్ళీ తడిపిన సీరం తాజా రక్తంలా ప్రవర్తించదు, ఒక్కో పద్ధతిలో ఒక్కోలా రంగు తేలుతుంది. అందుకే జాఫే వాళ్ళని జాఫే వాళ్ళతోనే పోలుస్తారు. దాని ఫలితం ఏమిటంటే, ఆ గుంపు మొత్తం అసలు విలువ కంటే 0.2 ఎక్కువ చూపిస్తున్నా, గుంపులో ఉన్న ప్రతి ల్యాబూ పాసవుతుంది. "మాకు ఈక్వాలో ఎప్పుడూ మంచి స్కోరే సార్" అని చెప్పే ల్యాబ్ నిజమే చెబుతోంది. ఆ స్కోరు 'నాలాంటి వాళ్ళతో నేను కలుస్తున్నాను' అని మాత్రమే చెబుతుంది. అసలు విలువతో కలుస్తున్నామా అన్నదానికి మీ కాలిబ్రేటర్ (మెషిన్‌ని సరిచేయడానికి వాడే, విలువ తెలిసిన ద్రావణం) విలువ ఎక్కడి నుంచి వచ్చిందని అడగాలి. క్రియాటినిన్‌కి ఐడీఎంఎస్ అనే ప్రామాణిక పద్ధతితో ముడిపడిన కాలిబ్రేటర్ ఉండాలి. కిట్ పెట్టెలో ఉండే కాగితంలో అది రాసి ఉంటుంది. నేను ఆ కాగితం తెప్పించుకుని ఆ ముక్క చూపించమంటాను. ఉద్దానం లాంటి చోట పనిచేసే ల్యాబ్‌కి ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్న లేదని నా అభిప్రాయం.

ఈక్వా వయల్‌ని గౌరవంగా చూడటం ఇంకో సమస్య. అది వచ్చిన రోజు మెషిన్ కడిగి, కొత్త రీజెంట్ వేసి, సీనియర్ చేత ఐదుసార్లు నడిపించి, సగటు పంపేవాళ్ళున్నారు. పక్క ల్యాబ్‌కి ఫోన్ చేసి "మీకెంతొచ్చింది?" అని కనుక్కునేవాళ్ళూ ఉన్నారు. పేషెంట్ శాంపిల్‌ని ఒక్కసారే నడుపుతారు కదా, ఈక్వా కూడా ఒక్కసారే, ఆ రోజు డ్యూటీలో ఎవరుంటే వాళ్ళ చేతే. లేకపోతే ఆ స్కోరు చెప్పేది ల్యాబ్ గురించి కాదు, సీనియర్ గారి చేతి నైపుణ్యం గురించి.

పైగా ఈక్వా వయల్ నేరుగా మెషిన్ దగ్గరికి వస్తుంది. పేషెంట్ రక్తం అలా రాదు. ఇచ్ఛాపురంలో పొద్దున ఏడింటికి తీసిన రక్తం వంద కిలోమీటర్లకు పైనే ప్రయాణం చేసి శ్రీకాకుళంలోని ల్యాబ్‌కి పదకొండింటికి చేరిందనుకోండి. దాన్ని రెడ్ క్యాప్ ట్యూబులో, సెంట్రిఫ్యూజ్ చేయకుండా, అంటే వేగంగా తిప్పి కణాల్ని వేరుచేయకుండా పంపితే, దారి పొడవునా రక్తకణాలు గ్లూకోజుని తింటూనే ఉంటాయి, గంటకి ఐదు నుంచి ఏడు శాతం. బయల్దేరేటప్పుడు 130 ఉన్న ఫాస్టింగ్ షుగరు చేరేసరికి వంద చుట్టుపక్కలకి వస్తుంది. షుగర్ జబ్బుకి హద్దు 126. మెషిన్ బాగుంది, కంట్రోల్ బాగుంది, ఈక్వా బాగుంది, రిపోర్టు మాత్రం తప్పు. సరే కదా అని ఐస్ బాక్సులో పెట్టి పంపితే గ్లూకోజు కొంత నిలుస్తుంది గానీ, చల్లదనానికి కణాల్లోని పొటాషియం బయటికి కారుతుంది. డయాలిసిస్ మీద ఉన్న మనిషికి పొటాషియం 5.2కి బదులు 6.4 అని వస్తే ఏమవుతుందో ఆ ఇంటివాళ్ళని అడగాలి. దీనికి మందు ఖరీదైనదేం కాదు: షుగరుకి, కణాలు గ్లూకోజుని తినకుండా ఆపే గ్రే క్యాప్ ట్యూబు, మిగతావాటికి రక్తం తీసిన చోటే సెంట్రిఫ్యూజ్ చేసి సీరం వేరుచేసి పంపడం. కలెక్షన్ సెంటర్‌లో ఒక చిన్న సెంట్రిఫ్యూజ్ ఉందా, ఉంటే దాని ప్లగ్ పెట్టి ఉందా అని చూడటానికి నేను తప్పకుండా అక్కడికి వెళ్తాను.

ఈ ఖాళీని పూడ్చేది అసెసర్ల సందర్శన. ఆ సందర్శన ఆధారంగా ల్యాబ్‌కి నాణ్యతా గుర్తింపు ఇచ్చేది మన దేశంలో ఎన్ఏబీఎల్. 1988లో మొదలైన ఈ సంస్థ ఇప్పుడు క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద పనిచేస్తోంది. మెడికల్ ల్యాబ్‌లకి కొలబద్ద ఐఎస్ఓ 15189 ప్రమాణం, 2003లో మొదటిసారి వచ్చింది, ఇప్పుడున్నది 2022 నాటిది. ఒక లీడ్ అసెసర్, విభాగానికో టెక్నికల్ అసెసర్ వెళ్తారు. ఆ ల్యాబ్‌తో ఏ సంబంధం ఉన్నా ముందే చెప్పి తప్పుకోవాలి.

నేను ఎక్కువ సమయం పెట్టేది ఒక్క రిపోర్టు మీద. రెండు మూడు నెలల కిందటిది ఏదో ఒకటి, నేనే ఎంచుకుని, వెనక్కి నడుస్తాను. దీని మీద సంతకం ఎవరిది, ఆ రోజు ఆయన డ్యూటీలో ఉన్నారా? మెషిన్‌లో ఈ నెంబరు ఎన్ని గంటలకి నడిచింది, అంతకు ముందు కంట్రోల్ పాసైందా? అప్పుడు వాడిన రీజెంట్ లాట్ ఏది, అది ఎప్పుడు తెరిచారు, ఏ ఫ్రిజ్‌లో ఉంది? ఆ ఫ్రిజ్ టెంపరేచర్ చార్టు ఏదీ? ఆ థర్మామీటర్‌ని ఎప్పుడు సరిచూశారు? శాంపిల్ ఎన్నింటికి వచ్చింది, ఎవరు తీశారు, ట్యూబు మీద పేరు తీసేముందు రాశారా తరవాతా?

ఫ్రిజ్ చార్టు చిన్న విషయంలా కనిపిస్తుంది. నెలంతా పొద్దున 4, సాయంత్రం 4, ఒకే పెన్ను, ఒకే వాలు రాత, ఆదివారాలతో సహా. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన తరవాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి వారంలో కూడా చార్టులో 4 డిగ్రీలే ఉంటే దాని మీద ఆధారపడ్డ ప్రతి రిపోర్టునీ ప్రశ్నించాల్సిందే. జనరేటర్ నడిస్తే డీజిల్ లెక్క ఉంటుంది. రీజెంట్లు పారేస్తే స్టాకు రిజిస్టర్‌లో ఉంటుంది. నిజంగా జరిగిన పనికి ఎక్కడో ఒకచోట ఇంకో జాడ కూడా ఉంటుంది.

దొరికిన లోపాన్ని ప్రమాణంలోని ఏ నిబంధనకి విరుద్ధమో, ఏ ఆధారంతో అంటున్నామో రాసి, ల్యాబ్ వాళ్ళ ఎదుటే చదివి, వాళ్ళ చేత సంతకం చేయిస్తాం. ఎలా సరిచేయాలో చెప్పకూడదు. చెబితే రేపు నా సలహానే నేను పరీక్షించినట్టవుతుంది. గుర్తింపు ఇవ్వాలా వద్దా అన్నది కూడా మా చేతిలో లేదు, మేం సిఫారసు చేస్తాం, వేరే కమిటీ నిర్ణయిస్తుంది. చాలా ల్యాబ్‌లు ఏ లోపానికైనా రాసే జవాబు ఒకటే: "సిబ్బందికి ట్రైనింగ్ ఇచ్చాం." రాత్రి షిఫ్టులో ఒక్కరే ఉండి శాంపిల్ తీయడం, నడపడం, ఫోన్ ఎత్తడం అన్నీ చేస్తుంటే ట్రైనింగ్ ఏం మారుస్తుంది? అలాంటి జవాబుని నేను ఒప్పుకోను.

మామూలు పాఠకుడికి పనికొచ్చే రెండు విషయాలు. జిల్లాలో ప్రైవేటు ల్యాబ్‌కి 2002 నాటి రాష్ట్ర చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఎన్ఏబీఎల్ గుర్తింపు స్వచ్ఛందం. గోడ మీది ఒక సర్టిఫికెట్ చూసి ఇంకోటి అనుకోవద్దు. ఆ గుర్తింపు కూడా ల్యాబ్ మొత్తానికి కాదు, జాబితాలో ఉన్న పరీక్షలకే. మీ పరీక్ష అందులో ఉందో లేదో అడిగే హక్కు మీకుంది. ఎన్ఏబీఎల్ వెబ్‌సైట్‌లోనూ ఆ జాబితా ఉంటుంది. ఇక క్రియాటినిన్‌ని నెలనెలా చూపించుకునేవాళ్ళు వీలైనంతవరకు ఒకే ల్యాబ్‌లో చేయించుకోండి, రిపోర్టు మీద పద్ధతి పేరు లేకపోతే రాసిమ్మనండి. ల్యాబ్ మారాల్సి వస్తే పాత రిపోర్టు పక్కన పెట్టి చూపించండి.

చివరి మీటింగ్‌లో అందరూ ఊపిరి పీల్చుకునే వేళ నేను అడిగే ప్రశ్న ఒకటుంది. గడిచిన ఏడాదిలో ఈక్వా ఫెయిలైనప్పుడో, కాలిబ్రేషన్ జారిందని తేలినప్పుడో, ఆ మధ్య రోజుల్లో బయటికి వెళ్ళిన రిపోర్టుల సంగతి ఏం చేశారు? మెషిన్ బాగుచేశామని అందరూ చెబుతారు. మార్చి 3న జారి 9న దొరికితే, 3 నుంచి 9 దాకా ఇచ్చిన క్రియాటినిన్లు ఎన్ని, అందులో ఎన్ని దాచిన శాంపిళ్ళు మళ్ళీ నడిపారు, ఎన్ని మారాయి, ఎంతమందికి ఫోన్ చేసి సవరించిన రిపోర్టు ఇచ్చారు? ఈ వివరాలు రాసిన పుస్తకం కొన్ని చిన్న ల్యాబ్‌లలో ఉంటుంది. కొన్ని పెద్ద ల్యాబ్‌లలో ఉండదు. లేనిచోట నేను రాసే లోపాల్లో మొట్టమొదటిది అదే.